ఎలుక, ఎరుక

జనవరిలో టార్టూ ఊరికి
నాలుగున్నర కాకముందే చీకటి పడుతుంది.
ప్రయోగశాల నేలమాళిగలో మాత్రం పొద్దు
గోడ గడియారం చెప్పినట్టు వింటుంది.

ఉర్వె చేతులకు తొడుగులు వేసుకుని
ముప్పై ఒకటో నంబరు ఎలుకను ఎత్తుతుంది.
పసివాడికి చొక్కా మార్చే చేయిలా
తొందరలేని చేయి.
సూదిలో ఒకరోజు మార్ఫిన్,
ఒకరోజు ఒట్టి ఉప్పునీరు.
ఏ రోజు ఏదో చీటీకి తెలుసు, ఉర్వెకి తెలుసు.
ఎలుకకు చెప్పరు.

సూదిపోటు రెండింటికీ ఒకటే.
పెట్టె ఒకటే, దీపం ఒకటే,
ఎదురుగోడకు మీటలు రెండు.
మందు ఒంట్లో ఉన్న రోజు
ఎడమది పదిసార్లు నొక్కితే గింజ రాలుతుంది.
ఉప్పునీటి రోజు కుడిది.
తప్పు నొక్కితే శిక్షేం లేదు,
ఆకలి అలాగే ఉంటుంది, అంతే.

ముందు వచ్చినవాడి వాసన పట్టి
తర్వాతివాడు జవాబు చెప్పేస్తాడని
ప్రతిసారీ స్పిరిటు దూదితో మీటలు తుడుస్తుంది.
బయట ఏ గుర్తూ మిగలకూడదు.
గుర్తు లోపలే ఉండాలి.

రెండు నెలలు పట్టింది.
మొదట్లో అటూ ఇటూ పరుగు,
మీసాలతో ఇనుము తడమడం,
పళ్లతో కొరికి చూడడం.
ఒకనాడు పెట్టెలో దింపగానే
ఆగింది.
కాసేపు దేన్నీ చూడలేదు.
(ఆ ఆగడం ఉర్వెకి తెలుసు.
తలుపు తాళం వేశానా లేదా అని
మెట్ల మీద తనూ అలాగే ఆగుతుంది.)
తర్వాత నేరుగా ఎడమకు నడిచింది.

తనలోకి తొంగి చూసుకుని వచ్చింది కాబోలు.
ఎలుకకు ఎరుక కలిగింది.
తెలుగులో ఆ రెంటికీ ఒక్క అక్షరమే అడ్డం.
ఉర్వె భాషలో అదెంత దూరమో నాకు తెలీదు.

మందు సగం చేసినా ఎడమే అంది.
పావు చేస్తే
ఎడమ మూడు, కుడి నాలుగు, మళ్లీ ఎడమ,
నీళ్లు నమిలింది.
కొత్తదేదో ఎక్కించి "ఇది అదేనా?" అంటే
దాని చుట్టమే అన్నట్టు నొక్కింది.

బుధవారం పాలీక్లినిక్‌లో డాక్టరమ్మ అడిగింది:
"మాత్రలు మొదలెట్టి ఆరు వారాలు. ఏమైనా తేడా?"
"పర్వాలేదు" అంది ఉర్వె.
ఎస్తోనియాలో కూడా ఆ మాటకు అర్థమేం ఉండదు.

పోయిన వారం ఎమాయొగి వంతెన మీద
ఎవరి సంచిలోంచో రై రొట్టె వాసన.
ఎన్నాళ్లకో అది రొట్టె వాసనలాగే వచ్చింది.
మాత్రా? లేక గాలి ఆ పూట ఇటు తిరిగిందా?
నొక్కి చెప్పడానికి ఆమె ముందు మీట లేదు.
ఒకటి నుంచి పదిలో ఓ అంకె చెప్పమంటే
ఆరు అంది.
ఆరు అంటే మర్యాద.

శుక్రవారం చీటీలో ఉప్పునీరు.
ముప్పై ఒకటి ఆగింది. చూసుకుంది.
ఎడమ మీట నొక్కింది.
పది. గింజ రాలలేదు.
మరో పది.
ఇంకో పది.
ఉర్వె సీసా మీది పేరు మళ్లీ చదివింది.
ఉప్పునీరే.
పై అంతస్తు నుంచి డాక్టర్ రౌద్‌సెప్ ఫోన్లో
"తప్పు. లెక్కలోంచి తీసెయ్" అన్నాడు.
"తప్పు" అని రాసింది.
పెన్సిలుతో రాసింది.

ఉప్పు తిన్న విశ్వాసం చూపలేదు, సరే.
ఏం చూసుకుని అంత గట్టిగా చెప్పింది?
ఏ మందూ పడని ఒంట్లోకి
ఆ మందులాంటిదేదో తనంత తానే
వచ్చి కూర్చుందా ఆ పూట?
రాత్రి జతగాడి వీపుకి ఆనుకుని పడుకున్న వెచ్చదనమా?
ఊరికే మరిచిపోయిందా?
అడగడానికి మన దగ్గరున్నవి రెండు మీటలే.

దీపాలు ఆర్పేముందు
కోటు జేబులోంచి ఓ పొద్దుతిరుగుడు గింజ తీసి
గూటి ఊచల మధ్య పెట్టింది.
నియమానికి విరుద్ధం.
సోమవారం తూకంలో అడుగుతారేమో.
అది రెండు చేతులా పట్టుకుని
పొట్టు ఒలుచుకుని తింది.

ఇంటికెళ్లే బస్సులో
ఉర్వె ఒక చేతి తొడుగు విప్పి
అద్దం మీది ఆవిరిలో
ఎడమపక్కగా వేలు ఆనించింది.
చాలాసేపు అలాగే ఉంచింది.
దిగేటప్పుడు తుడవలేదు.